శివారు కుళాయి దగ్గర మైకు పెట్టు

ప్రశ్న: అక్కా, నాది రాజోలు వైపు చిన్న ఊరు. ఎం.ఏ. జర్నలిజం చేసి, రెండేళ్లుగా ఒక కమ్యూనిటీ రేడియోలో ఆరోగ్య కార్యక్రమం చేస్తున్నాను. ఈమధ్య మా పక్క ఊరి పేటలో వరసగా కామెర్లు వచ్చాయి. వెళ్లి రికార్డు చేసుకొస్తే "మనం వార్తలు చెప్పకూడదు, చేతులు కడుక్కోవడం మీద ప్రోగ్రాం చెయ్" అన్నారు. ఆ పేటలోనే ఒకావిడ గృహహింస కేసు కోర్టులో నడుస్తోంది, దాని మీదా చేయాలనుంది. హైదరాబాద్‌లో ఒక టీవీ చానల్ వాళ్లు డెస్క్‌లో ఉద్యోగం ఇస్తామంటున్నారు. నాన్న డీఎస్సీకి చదవమంటున్నారు. కోర్టులు, ఆరోగ్యం రెండూ పట్టుకుని రేడియోలో బతకొచ్చా? ఏదో ఒకటి ఎంచుకోవాలా?

జవాబు:

చెల్లీ, చివరి ప్రశ్న ముందు తీసుకుంటాను, మిగతావన్నీ దాన్నిబట్టే ఉన్నాయి. రెండిట్లో ఏదీ వదలొద్దు. కోర్టులు ఒక బీటు (విలేకరికి అప్పజెప్పే రంగం), ఆస్పత్రులు ఒక బీటు అని విడగొట్టుకోవడం మనుషులు ఎక్కువున్న పెద్ద ఆఫీసులకి కుదురుతుంది. మన ఊళ్లల్లో ఆ రెండూ ఒకే ఇంట్లో, ఒకే వారంలో ఉంటాయి. నీ ఉత్తరమే మళ్లీ చదువుకో. కామెర్లు వచ్చిన పేటలోనే ఆ కేసున్న ఆవిడా ఉంది. నువ్వు రాసి కూడా దాటేసిన సంగతి ఇంకొకటుంది, కామెర్లు ఊళ్లో రాలేదు, పేటలో వచ్చాయి. ఊరికీ పేటకీ ట్యాంకు ఒకటేనా? ఒకటే అయితే ఎందుకిలా? ఆ "ఎందుకు" దగ్గర కూర్చున్నావంటే ఆరోగ్యమూ న్యాయమూ రెండూ అక్కడే దొరుకుతాయి.

మన గోదావరి డెల్టాలో మంచినీళ్లు ఎలా వస్తాయో నీకు తెలిసిందే, కానీ మైకు పట్టుకునేవాళ్లకి ఇంకాస్త వివరంగా తెలియాలి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన దగ్గర్నుంచీ మన పొలాలకైనా గొంతులకైనా ఆ కాలవలే దిక్కు. సముద్రం వైపు ఊళ్లల్లో బోరు వేస్తే చాలాచోట్ల ఉప్పునీళ్లు పడతాయి. వేసవిలో మరమ్మతులకని కాలవలు కట్టేస్తారు, కట్టేసేలోపు ఊరి మంచినీళ్ల చెరువు నింపుకోవాలి, ఆ నీళ్లు ఫిల్టర్ బెడ్ల మీదుగా ఓవర్‌హెడ్ ట్యాంకు ఎక్కుతాయి, అక్కణ్నుంచి పైపుల్లో వీధుల్లోకి దిగుతాయి. ఆ పైపులు చాలా ఊళ్లల్లో మురుగుకాలవ పక్కనుంచి, ఒక్కోచోట మురుగులోంచే పోతాయి. నీళ్లు వదిలినంతసేపు పైపులో ఒత్తిడి ఉంటుంది కాబట్టి కన్నం ఉన్నా నీళ్లు బయటికే కారతాయి. కట్టేశాక ఒత్తిడి పడిపోతుంది, అప్పుడు అదే కన్నంలోంచి మురుగు లోపలికి వచ్చే వీలుంటుంది. రోజుకి ఒక పూట, అదీ కాసేపు నీళ్లు వదిలే ఊళ్లో ఈ ప్రమాదం రోజూ ఉన్నట్టే. దీన్నుంచి కాపాడేది క్లోరిన్. కానీ ట్యాంకులో కలిపిన క్లోరిన్ దారి పొడవునా తగ్గిపోతూ వస్తుంది. శివారు పొలానికి కాలవ నీళ్లు అందనట్టే శివారు కుళాయికి క్లోరిన్ అందదు. మన ఊళ్లల్లో ఆ శివారున ఎవరి ఇళ్లు ఉంటాయో నీకు నేను చెప్పక్కర్లేదు.

చివరి కుళాయి దగ్గర నీళ్లలో లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. దాన్ని చూడ్డానికి క్లోరోస్కోపు అని చిన్న పెట్టె ఉంటుంది. గొట్టంలో నీళ్లు పట్టి చుక్కలు వేస్తే క్లోరిన్ ఉన్నకొద్దీ పసుపు రంగు వస్తుంది, పక్కనున్న రంగులతో పోల్చి చూసుకోవాలి, అంతే. నేనొకసారి ఒక లంక ఊళ్లో ట్యాంకు దగ్గర మొదలుపెట్టి పేట దాకా ఆ పెట్టెతో నడిచాను. ట్యాంకు దగ్గర లేత పసుపు వచ్చింది, రామాలయం వీధిలో ఇంకా లేతగా, పేట చివర కుళాయి దగ్గర గొట్టంలో నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. అక్కడ బిందె పట్టుకుని నిలబడ్డ ఒక పెద్దావిడ "మా కుళాయికి ఆ మందు వాసన రాదండి, ఊళ్లోవాళ్ల కంటే మా నీళ్లే మంచియ్యనుకుంటన్నాం" అంది. ఆ ఒక్క మాట రికార్డు చేసి, దాని వెనకాల క్లోరిన్ ఎందుకో గ్రామీణ నీటి సరఫరా విభాగం (ఆర్‌డబ్ల్యూఎస్) ఇంజనీరు చేతే చెప్పిస్తే, చేతులు కడుక్కోమని వందసార్లు చెప్పినదానికంటే ఎక్కువ పనిచేస్తుంది. బ్లీచింగ్ బస్తా కూడా చూడు. మూతి విప్పి తేమలో పడేసిన బ్లీచింగ్ పౌడర్‌లో సత్తువ పోతుంది, గడ్డ కట్టినదాన్ని ఎంత కలిపినా రిజిస్టరులో లెక్క కుదురుతుందేమో గానీ నీళ్లు శుభ్రపడవు.

కామెర్ల విషయంలో ఇంకో చిక్కుంది, చాలామంది విలేకరులు ఇక్కడే తప్పుతారు. నీళ్లవల్ల వచ్చే కామెర్లు హెపటైటిస్ ఎ, ఇ. విరేచనాలైతే చెడ్డ నీళ్లు తాగిన కొద్ది గంటల్లోనో, కొద్ది రోజుల్లోనో పట్టుకుంటాయి. కామెర్లు అలా కాదు, వైరస్ ఒంట్లోకి వెళ్లాక రెండు వారాలకో, నెలకో, ఒక్కోసారి అంతకంటే ఆలస్యంగానో బయటపడతాయి. అందుకని ఇవాళ నీళ్లు పరీక్ష చేసి "అంతా బాగానే ఉంది" అని కాగితం ఇస్తే ఆ కాగితం నిజమే కావచ్చు, అయినా నీ ప్రశ్నకి జవాబు అందులో లేదు. నువ్వు అడగాల్సింది నెలా నెలన్నర కింద ఏం జరిగింది అని. పైపు పగిలిందా, కాలవ కట్టేసిన రోజులా, వదిలిన కొత్తలో వచ్చిన మురికి నీళ్లేనా, ఏదైనా పెళ్లి భోజనమా? హెపటైటిస్ ఇ గర్భిణులకి, ముఖ్యంగా చివరి నెలల్లో, ప్రాణం మీదికి తెస్తుంది. పేటలో నెలలు నిండుతున్న వాళ్లెవరైనా ఉన్నారేమో ఏఎన్ఎంని (ఊళ్లో తిరిగే ప్రభుత్వ నర్సుని) అడుగు, ఇది స్టోరీ కోసం కాదు, ముందు ఆ పని జరగాలి.

మీ స్టేషన్ వాళ్ల భయం దగ్గరికి వద్దాం. వాళ్లని పిరికివాళ్లని తిట్టుకోకు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది, 2006 నుంచి స్వచ్ఛంద సంస్థలకీ కమ్యూనిటీ రేడియో లైసెన్సులు ఇస్తున్నారు, అయినా సొంతంగా వార్తలు చెప్పే అనుమతి మాత్రం ఇవ్వలేదు. ఆకాశవాణి వార్తల్ని మార్చకుండా వినిపించుకోవచ్చు, అంతే. నాకిది అన్యాయంగానే కనిపిస్తుంది, ఊళ్లో ఎవరైనా యూట్యూబ్ చానల్ పెట్టి ఏదైనా చెప్పొచ్చు గానీ ఊరి రేడియో ఊరి సంగతి చెప్పకూడదట. కానీ లైసెన్సు పోతే పేటకి ఉన్న ఆ ఒక్క గొంతూ పోతుంది. కాబట్టి బులెటిన్ జోలికి పోకు. ఆరోగ్యం, నీళ్లు, హక్కులు, ఇవి చెప్పడానికే కదా కమ్యూనిటీ రేడియో. ఇంతమందికి కామెర్లు, ఫలానా అధికారి నిర్లక్ష్యం అని వార్త చదవకుండా, క్లోరిన్ ఎలా చూసుకోవాలో పేట ఆడవాళ్లే చేసి చూపించే కార్యక్రమం పెట్టు. ఇంటింటికీ కుళాయి ఇచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ కింద ఊరికి అయిదుగురు ఆడవాళ్లకి కిట్‌తో నీళ్ల పరీక్ష నేర్పాలి. ఆ ఊళ్లో ఆ అయిదుగురు ఎవరు, పేట నుంచి ఒక్కరైనా ఉన్నారా? ఇంజనీరుని, పీహెచ్‌సీ డాక్టరుని ఫోన్-ఇన్‌కి పిలువు, జనాన్ని అడగనివ్వు. అడిగేది వినేవాళ్లయినప్పుడు మీ మేనేజర్‌కీ కాస్త ధైర్యంగా ఉంటుంది.

వార్తగా చెప్పాల్సింది చెప్పడానికి వేరే దారులున్నాయి. ఆకాశవాణికి జిల్లాల్లో పార్ట్‌టైమ్ కరస్పాండెంట్లు ఉంటారు, మీ జిల్లాకి ప్రకటన ఎప్పుడు పడుతుందో విజయవాడ కేంద్రంలో కనుక్కుంటూ ఉండు. అది జీతం ఉద్యోగం అనుకోకు, ఇచ్చేది తక్కువ. కానీ ప్రాంతీయ వార్తల్లో మీ జిల్లా మాట వినిపించే వీలు అక్కడుంది.

కాగితాలు తీయడం ఇప్పుడే నేర్చుకో. సమాచార హక్కు దరఖాస్తుకి మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి, మనిషి ప్రాణానికి, స్వేచ్ఛకి సంబంధించిందైతే 48 గంటల్లోనే ఇవ్వాలి. నీ దరఖాస్తులో అభిప్రాయాలు రాయకు, "ఎందుకు పట్టించుకోలేదు" అని అడిగితే జవాబే రాదు. ఫలానా నెల నుంచి ఫలానా నెల దాకా బ్లీచింగ్ కొన్న బిల్లులు, క్లోరిన్ పరీక్షల రిజిస్టరు నకలు, ట్యాంకు కడిగిన తేదీలు, పైపు మరమ్మతుల వివరాలు, ఇలా కాగితం పేరు పెట్టి అడుగు.

జబ్బు సంగతి ముందు తెలిసేది ఎవరికో కూడా గుర్తుపెట్టుకో. జిల్లా ఆఫీసు లెక్కలోకి రాకముందే ఊళ్లో ఆర్‌ఎంపీకి తెలుస్తుంది, మెడికల్ షాపులో ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు అయిపోయాయంటే తెలుస్తుంది, ఆశా కార్యకర్త మొహం చూస్తే తెలుస్తుంది. వీళ్లని రికార్డర్ లేకుండా పలకరించడం అలవాటు చేసుకో. లెక్కలు రెండు రకాలుగా వస్తే ఒకళ్లు అబద్ధం చెబుతున్నారని వెంటనే తేల్చేయకు. డెంగీ సంగతే తీసుకో, ప్రైవేటు ల్యాబులో కార్డు టెస్ట్ పాజిటివ్ వచ్చినవాళ్లని ఇంట్లోవాళ్లు డెంగీ అనే చెబుతారు, ప్రభుత్వం ఎలైజా అనే ల్యాబు రక్తపరీక్షలో తేలితేనే లెక్కలో వేస్తుంది. ఆ తేడా విడమరిచి చెప్పు, వినేవాళ్లకి అదే కొత్త సంగతి.

తెలియనిది తెలియదని చెప్పడం కూడా పనే. 2020 డిసెంబరులో ఏలూరులో జనం ఉన్నట్టుండి మూర్ఛ వచ్చి పడిపోయారు, 600 మందికి పైగా ఆస్పత్రి పాలయ్యారు, ఒకరు చనిపోయారు. ఆ మొదటి రోజుల్లో నీళ్లన్నారు, దోమల మందన్నారు, కూరగాయలన్నారు, ఫోన్లలో ఇంకేవేవో తిరిగాయి. ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి, తర్వాత నిపుణులు పురుగుమందుల అవశేషాల వైపు వేలు చూపించారు. అలాంటి రోజుల్లో వినేవాళ్లకి కావాల్సింది నీ ఊహ కాదు, ఇవాళ్టికి ఎవరు ఏం పరీక్ష చేశారు, ఏం తేలింది, ఏం తేలలేదు, బిడ్డ పడిపోతే పక్కకి ఒత్తిగిలించి ఎక్కడికి తీసుకెళ్లాలి, ఇంతే. జనం టెన్షన్‌లో ఉన్నప్పుడు నెమ్మదిగా మాట్లాడే గొంతు రేడియోకే ఉంది, దాన్ని పోగొట్టుకోకు.

కోర్టు సంగతికొస్తే, ఆస్పత్రీ కోర్టూ కలిసే చోటు ఒకటుంది, అది గాయాల సర్టిఫికెట్. మొగుడు కొట్టిన ఆడమనిషి ఆస్పత్రికి వస్తుంది, పక్కన అత్తగారు నిలబడి ఉంటుంది, "ఎలా తగిలింది" అని డాక్టరు అడిగితే "మెట్ల మీంచి జారాను" అంటుంది. రిజిస్టరులో ఆ మాటే పడుతుంది. ఆరు నెలలకో ఏడాదికో ఆవిడ ధైర్యం చేసి నిజం చెప్పినప్పుడు, అవతలి లాయరు ఆ రిజిస్టరు తెరిచి "ఆవేళ మెట్లన్నావు కదమ్మా" అంటాడు. ఎముక విరిగిందా లేదా అన్నదాన్నిబట్టి అది మామూలు గాయమా, తీవ్ర గాయమా అని మారుతుంది, దాన్నిబట్టి శిక్ష మారుతుంది. ఇది మన ఆడవాళ్లకి ఎవరు చెప్పారు? పేరూ ఊరూ లేకుండా ఒక నర్సు చేత, ఒక లాయరు చేత ఇదంతా చెప్పించొచ్చు, వార్త కాదు, ఏ రూలూ అడ్డు రాదు. ఆడవాళ్లకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉందని, దానికి 15100 నంబరు ఉందని చివర్లో చెప్పించు.

గృహహింస చట్టం 2005లో వచ్చింది. మొదటి వాయిదా నుంచి 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని అందులోనే ఉంది. నువ్వు చెప్పిన కేసు ఎన్ని వాయిదాలు నడిచిందో ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో సీఎన్ఆర్ నంబరు (ప్రతి కేసుకీ విడిగా ఇచ్చే నంబరు) కొట్టి చూడు, ఒక్కొక్క వాయిదా ఎందుకు పడిందో రాసుకో, నోటీసు అందలేదా, లాయరు రాలేదా, జడ్జి గారు సెలవా. కోర్టులో కూర్చోవడం అలవాటు చేసుకో. పొద్దున కాల్ వర్క్ (ఆరోజు కేసుల్ని వరసగా పిలవడం) అయ్యేదాకా వెనక బెంచీలో ఉండు, ప్రతి పోలీస్ స్టేషన్ నుంచీ కోర్టు కానిస్టేబుల్ ఒకరు వస్తారు, ఏ కేసు ఎక్కడుందో వాళ్లకి తెలిసినంత ఎవరికీ తెలియదు. రికార్డర్ మాత్రం కోర్టు హాల్లోకి తీసుకెళ్లకు. ఒకవైపు లాయరు వరండాలో చెప్పింది చెప్పినట్టు నమ్మకు, ఆర్డరు కాపీ చదివాకే మాట్లాడు.

ఒక కేసు ఎంతకాలం మోయాలో చెబుతాను. రామచంద్రపురం దగ్గర వెంకటాయపాలెంలో దళిత యువకుల శిరోముండనం జరిగింది 1996 డిసెంబరు 29న. విశాఖపట్నంలోని ప్రత్యేక కోర్టు దోషులకి 18 నెలల జైలు శిక్ష వేసింది 2024 ఏప్రిల్ 16న. మధ్యలో ఇరవై ఏడేళ్లు పోయాయి. జరిగిన రోజు అందరూ రాస్తారు, తీర్పు రోజు అందరూ రాస్తారు. ఆ మధ్య ఏళ్లలో వాయిదాకి వెళ్లొచ్చిన మనిషి ఆరోజు కూలి పోగొట్టుకున్నాడా, సాక్షులు ఏమయ్యారు, పిల్లలకి ఏం చెప్పుకున్నారు, వీటికి తిరిగి వెళ్లే మనిషి కావాలి. నీ దగ్గర ఒక పుస్తకం పెట్టుకుని ప్రతి కేసుకీ, ప్రతి పేటకీ మళ్లీ వెళ్లాల్సిన తేదీ రాసుకో. ఈ పనిలో నీ సొంత ఆస్తి అదే, అది ఏ చానల్ ఐడీ కార్డూ ఇవ్వదు.

ఇప్పుడు జాగ్రత్తలు. రేడియోలో మొహం కనపడదు కాబట్టి జనం మాట్లాడతారు, నిజమే. బోదకాలు ఉన్నవాళ్లు కెమెరా చూస్తే కాలు చీరలో దాచుకుంటారు, మైకు ముందు మాత్రం గంటసేపు చెప్పుకుంటారు, మందు మాత్రలు ఎందుకు మింగకుండా కొంగున కట్టుకున్నారో కూడా చెప్పేస్తారు. కానీ ఊళ్లో గొంతే మొహం. రెండు మాటలు వినగానే "ఇది ఫలానా వాళ్ల కోడలు కదూ" అంటారు. అందుకని ఆ గృహహింస కేసున్న ఆవిడ ఒప్పుకున్నా ఆవిడ గొంతు వినిపించకు, ఆవిడ మాటల్ని ఇంకొకరి చేత చదివించు, చదివించే ముందు ఆవిడకి వినిపించు, వద్దంటే ఆపెయ్. అత్యాచారం కేసుల్లో, పిల్లల మీద జరిగిన నేరాల్లో బాధితుల గుర్తింపు బయటపెడితే నేరం. పేరు చెప్పకపోయినా "చెరువుగట్టు మీద కిరాణా కొట్టు వాళ్ల అమ్మాయి" అంటే చెప్పినట్టే, సుప్రీంకోర్టు 2018లో ఈ సంగతి స్పష్టంగా చెప్పింది. హెచ్‌ఐవీ, మానసిక వ్యాధుల విషయంలోనూ గోప్యతకి చట్టాలున్నాయి. దగ్గరుండి మరీ ఇంటర్వ్యూ ఇప్పిస్తానన్న బంధువుల్ని అసలు నమ్మకు, మాట్లాడాల్సిన మనిషి తనంతట తను ఒప్పుకోవాలి.

చిన్న సంగతి ఒకటి, రొయ్యల చెరువుల పక్కన రికార్డు చేస్తే ఏరియేటర్ల (నీళ్లలోకి గాలి కలిపే యంత్రాల) మోతలో మాట పోతుంది. ఆ మోత ఒక అర నిమిషం విడిగా తీసుకుని, మనిషిని ఇంట్లో కూర్చోబెట్టి మాట్లాడించు.

డబ్బు. రేడియో ఒక్కదాని మీద మొదటి కొన్నేళ్లు ఇల్లు గడవదు, ఇది నీకు తీపిమాటలతో చెప్పను. కాబట్టి నాన్నగారు చెప్పే డీఎస్సీని శత్రువులా చూడకు. కానీ టీచర్ ఉద్యోగం వస్తే ప్రభుత్వ ఉద్యోగిగా నువ్వు ఈ పని ఇలా చేయలేవు, ఆ సంగతి నాన్నగారికి ముందే చెప్పు. ప్రైవేటు కాలేజీలో కొన్ని గంటల పాఠాలు, అనువాదాలు, వాయిస్ ఓవర్లు, ఇలాంటివి ఒకటి స్థిరంగా పెట్టుకుంటే ఎన్నికలప్పుడు డబ్బిచ్చి వార్తలు చెప్పించుకోవడానికి "ప్యాకేజీ" అని వచ్చేవాణ్ని గుమ్మంలోంచే పంపేయగలవు. ఆస్పత్రుల వాళ్లు ఇచ్చే ప్రకటన కమీషన్ అస్సలు ముట్టుకోవద్దు, రేపు అదే ఆస్పత్రిలో ఎవరైనా చనిపోతే నీ నోరు లేవదు.

హైదరాబాద్ ఉద్యోగానికి వెళ్లడం తప్పేం కాదు. డెస్క్‌లో కాపీ దిద్దడం, గడువుకి పని పూర్తిచేయడం నేర్పుతారు, జీతం నెలనెలా వస్తుంది. ఇంట్లో అప్పులుంటే వెళ్లు, ఏడాదో రెండేళ్లో చేసి రా. అప్పులు లేకపోతే మాత్రం నా సలహా, ఉండు. ఆ డెస్క్‌లో నీలాంటివాళ్లు చాలామంది దొరుకుతారు, ఆ పేటలో ఎవరు ఏఎన్ఎంని నమ్ముతారో, ఎవరు నమ్మరో తెలిసిన జర్నలిస్టు ఇంకొకరు లేరు. నాన్నగారికి టెన్షన్ నీ చదువు గురించి కాదు, చీకటిపడ్డాక లంకల్లో తిరుగుతావేమోనని. ఎక్కడికి వెళ్తున్నావో ఇంట్లో ఒకళ్లకి, రేడియో స్టేషన్‌లో ఒకళ్లకి చెప్పి వెళ్లు, ఆఖరి పంటు (ఏరు దాటించే పడవ) దాటకముందే తిరుగు ప్రయాణం పెట్టుకో, ఒకసారి ఆయన్నే వెంట తీసుకెళ్లి పేటవాళ్లకి పరిచయం చెయ్యి.

ఈ వారం పంచాయతీలో ఆ సమాచార హక్కు దరఖాస్తు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకో. జవాబు రాగానే నాకు పంపు, ఏ కాగితం ఇవ్వకుండా దాటేశారో చూసి మొదటి అప్పీలు ఇద్దరం కలిసి రాద్దాం.